తెల్లగుడ్డలో జోడీ

వానకాలం మొదలైన తరువాత మల్లికార్జునరావు సమర్పించిన ఫిర్యాదు లేఖలలో అది మూడవది. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడవదానిని అతడు ఇంగ్లీషులో, నీలిసిరాతో, ఎడమవైపు తగినంత మార్జిను విడిచి, మూడు ప్రతులుగా రాశాడు. ఒక ప్రతిని తన ట్రంకుపెట్టె అడుగున భద్రపరచుకొని, తక్కిన రెండింటిని శిక్షణశాల ఇన్‌స్ట్రక్టరు ఘోషాల్ బాబు గారి చేతికి స్వయంగా అందించాడు. ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలోని అప్రెంటిస్ క్వార్టరులో మూడవ నంబరు గది మనుషుల నివాసానికి తగిన స్థితిలో లేదనీ, కావున దయచేసి పరిశీలించి దరఖాస్తుదారును వేరొక గదికి మార్చవలసినదనీ అందులోని సారాంశం.

అది 1962వ సంవత్సరం. మల్లికార్జునరావుకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు. స్వస్థలం తుని. తండ్రి తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తా. ఏ వ్యవహారమైనా కాగితం మీదికి ఎక్కినప్పుడే కదులుతుందని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఖరగ్‌పూర్‌లో అతడికి ఉన్న ఏకైక బంధువు మేనమామ పాండురంగయ్య. ఆయనకు గోల్‌బజార్‌లో బట్టల దుకాణం ఉంది. తానులన్నీ అంచులు కలిసేలా పేర్చి ఉండే ఆ దుకాణాన్ని చూస్తే మల్లికార్జునరావుకు ప్రాణం లేచివచ్చేది. కాని మామయ్య ఇంట్లో రెండు గదులకు తొమ్మిదిమంది. మేనల్లుడికి ఆదివారం భోజనం పెట్టగలరే తప్ప పడక ఇవ్వలేరు. అందువల్ల రైల్వే కార్ఖానాలో ఫిట్టరు పని నేర్చుకొంటున్న మూడేళ్ళూ అతడు ఆ మూడవ నంబరు గదిలోనే గడపవలసి వచ్చింది. మొదటి రెండేళ్ళు ఆ గదిలో ఒక వయసుమళ్ళిన క్లీనరు తోడుగా ఉండేవాడు గనుక బతుకు సాగింది. మూడవ ఏడు, వైశాఖంలో, అదే బ్యాచ్ నూకరాజు, రెండవ ఏటి ఆమోసు వేరే క్వార్టర్లనుండి వచ్చి చేరారు.

నూకరాజుది పలాస. తండ్రి లైను మీద కలాసీ, ఆ యేడు చివరకు రిటైరు కావలసినవాడు. కొడుకు ఇంటికి వెళ్ళివచ్చిన ప్రతిసారీ ఒక గోనెసంచెడు ఎండు నెత్తళ్ళు వెంట తెచ్చుకొని మంచం కింద పెట్టేవాడు. వాన తేమకు అవి మెత్తబడి విడిచే వాసన, చేపను ఎన్నడూ ముట్టని వంశంలో పుట్టిన మల్లికార్జునరావు దిండులోకి, దుప్పటిలోకి, చివరకు డ్రాయింగు కాగితాల్లోకి కూడా ఎక్కింది. ఆమోసు తండ్రి బిలాస్‌పూర్‌లో ఇంజను డ్రైవరు. ఆ కుర్రవాడికి పాత సైకిలు ఒకటి ఉండేది. అది వచ్చిన నాటినుండి విప్పదీసిన స్థితిలోనే, గొలుసు ఒక మూల, చక్రం ఒక మూల, గది అంతా పరచుకొని ఉండేది. కిటికీ గట్టు మీద ఒక డబ్బాలో యంత్రాల నూనె, అందులో తేలే దీపం పురుగులు, పక్కన నాలుగు రోజుల కిందటి టీ గ్లాసులు. నూనె మరకల పనిబట్టలు తడిగానే తాడు మీద వేలాడేవి. మనిషి నిలువుగా నడిస్తే ముఖానికి తగిలేవి.

మల్లికార్జునరావు ఆ గదిలో కూర్చోలేకపోయేవాడు, పడుకోలేకపోయేవాడు. సాయంకాలం కార్ఖానా కూత వేయగానే అందరూ ఇళ్ళకు మళ్ళితే, అతడు మాత్రం స్టేషను వైపు నడిచి, ప్లాట్‌ఫారం ఈ చివరినుండి ఆ చివరికి రెండుసార్లు తిరిగి, కాళ్ళు పీకినప్పుడు మాత్రమే వెనక్కి వచ్చేవాడు. వచ్చి, ఎవరితోనూ మాటాడకుండా తన మంచం చుట్టూ చీపురుతో ఒక గీత గీచినట్లు ఊడ్చుకొని, గోడ వైపు తిరిగి పడుకొనేవాడు.

"మల్లి బాబుకి మన మొగాలు కనబడవురా ఆమోసూ," అనేవాడు నూకరాజు. "ఈ గోడకి రోజూ దండం ఎట్టుకుంటాడు."

"గోడే నయం భాయ్, స్నానం చెయ్యమని అడగదు," అనేవాడు ఆమోసు.

ఇద్దరూ నవ్వేవారు. మల్లికార్జునరావు ఆ నవ్వును కూడా మరునాడు లేఖలో ఎట్లా పొందుపరచాలా అని ఆలోచించేవాడు.

అతడి ఆందోళనకు మరో కారణం ఉంది. ఆ శ్రావణంలో మూడవ ఏటి అప్రెంటిస్‌లందరూ తమ జోడీలను అప్పగించవలసి ఉంది. జోడీ అంటే రెండు ఉక్కు ముక్కలు. ఒకదానిలో చతురస్రపు బెజ్జం, ఒకదానికి అందులో దిగే చతురస్రపు కొన. రెండింటినీ చేతితో, ఆకురాయితో అరగదీసి, ఒకదానిలో ఒకటి దించి దీపానికి ఎదురుగా పట్టుకొంటే, సందులోంచి వెలుగు చుక్కంత కూడా రాకూడదు. ఇందుకు మూడు నెలలు పట్టేది. శిక్షణశాల నియమం ప్రకారం జోడీని ఎవరిది వారే చేయాలి, ఎవరిది వారే కాపాడుకోవాలి. కాపాడటం కూడా పరీక్షలో భాగమే. ఒకరి జోడీని మరొకరు ముట్టరాదు. జోడీ నెగ్గినవాడు ఫిట్టరు. నెగ్గనివాడు మళ్ళీ ఆరునెలలు అప్రెంటిస్. నూకరాజు నెగ్గితే తండ్రి చేతులు దిగే వేళకు కొడుకు చేతులు అందుకొంటాయని పలాసలో ఇల్లంతా కనిపెట్టుకొని ఉంది. ఆ సంగతి నూకరాజు నెత్తళ్ళు వేయించుకొంటూ రోజూ చెప్పేవాడు. జోడీలను అప్పగించవలసిన గడువు గురువారం.

దానికి ముందు శనివారం మధ్యాహ్నం ఘోషాల్ బాబు మల్లికార్జునరావును పిలిచారు. తెలుగు కలాసీల మధ్య ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి ఆయన, తెలుగును తనకు తోచిన తీరులో మాట్లాడేవారు.

"నీ చిట్టీ చదివింది. సోమవారం పొద్దున, కూత ముందు, నేను వస్తుంది. గది చూస్తుంది. ఠీక్ హై?"

"చాలా కృతజ్ఞుణ్ణండి," అన్నాడు మల్లికార్జునరావు.

ఆ సంతోషం సాయంకాలం దాకా కూడా నిలవలేదు. గదిలో అడుగుపెట్టి, ఘోషాల్ బాబు కళ్ళతో ఒకసారి నలువైపులా చూశాడు. గుమ్మంలో నిలబడిన పెద్దమనిషికి కనిపించేది గది. ఈ మూల వీడిది, ఆ మూల వాడిదని ఆయన గీత గీసి చూడరు. నెత్తళ్ళ సంచి పక్కనే తన మంచం. సైకిలు గొలుసు పక్కనే తన చెప్పులు. తునిలో తండ్రి ఆ గుమ్మంలో నిలబడి ఉంటే ఏమనేవాడు? మల్లికార్జునరావు మనసు పరిపరివిధాల పోయింది. ఫిర్యాదు నిజమని తేలాలంటే గది మురికిగానే ఉండాలి. కాని మురికిగదిలో తనను ఒక పై అధికారి చూడటమనే ఊహకే అతడికి చీదర పుట్టింది.

ఆదివారం తెల్లవారగానే ఆమోసు చర్చికి వెళ్ళిపోయాడు. నూకరాజు గాలం భుజాన వేసుకొని సాలువా వైపు చెరువులకు బయలుదేరాడు. ఇద్దరూ గడప దాటిన మరుక్షణం మల్లికార్జునరావు పంచె ఎగగట్టి చీపురు పుచ్చుకొన్నాడు.

అతడు చేసిన పని సామాన్యమైనది కాదు. మంచాలు ఎత్తి నిలబెట్టాడు. నెత్తళ్ళ సంచిని ముక్కు మూసుకొని వరండాలో దూలానికి వేలాడదీశాడు. సైకిలు భాగాలన్నింటినీ ఒక గోనెలో చుట్టాడు. టీ గ్లాసులు బూడిదతో తోమాడు. పురుగులు తేలే నూనెడబ్బాను రెండు వేళ్ళతో ఎత్తి, దూరంగా పట్టుకొనిపోయి చెత్తకుండీలో పారేశాడు. నేలను చాకలిసోడాతో కడిగాడు. బయటి కొళాయి దగ్గర గుడ్డలన్నీ కుప్పపోసి ఉతకడం మొదలుపెట్టేసరికి పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ బిందెతో వచ్చింది. ఆ కుర్రాళ్ళ ముగ్గురికీ పూట పూటా అన్నం వండిపెట్టేది ఆమే.

"ఏటి బాబూ, గదికి పెళ్ళి సేస్తన్నావేటి?"

"శుభ్రం చేస్తున్నానండి, అప్పలనర్సమ్మగారూ."

"సేస్తే సేసినావు గానీ, ఆ గుంటలికి సెప్పి సేసినావా? ఒకరి సామాను ఒకరు సర్దితే దొంగతనం కాదు గానీ, ఎతుక్కునేవోడికి అదే అనిపిస్తది."

"చెబితే వింటారా వాళ్ళు?"

"సెప్పి సూసినావేటి?"

మల్లికార్జునరావు గుడ్డ బండకేసి బాదాడు.

మధ్యాహ్నానికి మిగిలింది ఒక్కటే: నూకరాజు మంచం కింద, గోడవారగా, జిడ్డుతో నల్లగా మెరుస్తున్న గుడ్డమూట. దుమ్మూ వెంట్రుకలూ అంటుకొని అది చచ్చిన ఎలుకలా ఉంది. మల్లికార్జునరావు విప్పాడు. లోపల నూకరాజు జోడీ.

నియమం అతడికి గుర్తులేకపోలేదు. అయినా కళ్ళు దాని మీదినుండి మరల్చలేకపోయాడు. ఆ మురికి చేతులు ఇంత పని చేశాయా? కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకొన్నాడు. సందు లేదు. వెలుగు లేదు. తన జోడీకంటే ఒక పాలు మేలుగానే ఉంది. ఇటువంటిదాన్ని ఇటువంటి గుడ్డలో చుట్టడమేమిటని అతడికి ఎక్కడలేని కోపం వచ్చింది. పాతకాగితంతో జిడ్డంతా తుడిచాడు. రెండు ముక్కలూ అద్దాల్లా తళతళలాడాయి. నల్లగుడ్డను నూనెడబ్బా వెనకాలే చెత్తకుండీకి పంపి, ఉతికి ఆరవేసిన గుడ్డల్లోంచి తెల్లటి తుండు ఒకటి తెచ్చి అందులో చుట్టాడు. ఉక్కుకు పలచగా నూనె పూయాలి. అది ఫిట్టరుకు మొదటి వారంలో నేర్పే పాఠం, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు అతడే చెప్పే పాఠం. నూనె కోసం కిటికీ గట్టు వైపు చూశాడు. డబ్బా లేదు. తన జోడీని దాచుకొన్న బిస్కట్లడబ్బాలో కొంచెం ఉంది, తీద్దామనుకొంటున్నంతలో బయటినుండి అప్పలనర్సమ్మ కేక వేసింది.

"వాన! బాబూ, బేగి రా! గుడ్డలు!"

గుడ్డలకోసం పరుగెత్తాడు. తడవకుండా తెచ్చి, తలుపులూ కిటికీలూ బిగించి, మడతలు పెట్టేసరికి చీకటిపడింది. నూనె మాట మరి గుర్తురాలేదు.

ఇద్దరూ తిరిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఒరే ఆమోసూ, మనం తప్పు గదికి వొచ్చినామేటి?" అన్నాడు నూకరాజు, చేతిలో తడి చేపలు వేలాడుతుండగా.

"చర్చిలో ప్రార్థించింది ఇంత తొందరగా ఫలిస్తుందనుకోలేదు," అన్నాడు ఆమోసు. తరువాత కిటికీ గట్టు తడుముతూ, "నా నూనె ఏదీ?" అన్నాడు.

మల్లికార్జునరావు గోడ వైపు తిరిగి పడుకొన్నాడు.

సోమవారం ఘోషాల్ బాబు గొడుగు మడిచి గదిలోకి వచ్చారు. నేల చూశారు. వంగి మంచాల కింద చూశారు. జేబులోంచి లేఖ తీసి, ఒక్కొక్క వాక్యం చదువుతూ, ఆ వాక్యంలోని మురికి కోసం గదంతా వెదికారు.

"మొయ్‌లా కోథాయ్? చెత్త ఎక్కడ?"

నూకరాజే ముందుకు వచ్చి, "సూడండి సారూ, మా మల్లి ఒక్కడే సేసినాడు. ఆదివారం పూట, తిండి కూడా తినకుండా," అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

ఘోషాల్ బాబు మల్లికార్జునరావు ముఖం వైపు ఒకసారి చూసి, గోడకు ఆనించి లేఖ మీద 'చర్య అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టారు. ఆయన ఆ కాగితాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిన తరువాతగాని అందులో ఏముందో తక్కిన ఇద్దరికీ అర్థం కాలేదు. ఆమోసు ఈలవేశాడు. నూకరాజు చొక్కా తొడుక్కొని కార్ఖానాకు వెళ్ళిపోయాడు.

మంగళవారం సాయంకాలం నూకరాజు మంచం కింద చెయ్యిపెట్టి మూట తీశాడు. తెల్లగుడ్డను చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆదివారం వానగాలికి ఆ గుడ్డ పూర్తిగా ఆరలేదు. మూసిన కిటికీల మధ్య రెండు రోజులు ఉక్కును ఒరుసుకొని ఉంది. విప్పగానే జోడీ మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. కొన అంచున బొటనవేలి ముద్ర, ఆవలివైపు నాలుగువేళ్ళ ముద్రలు, చెమట తగిలినచోటల్లా గీతలతో సహా తుప్పు తేలి ఉంది.

నూకరాజు మంచం మీద కూలబడ్డాడు. గీరితే తుప్పు పోతుంది. తుప్పుతో పాటు వెంట్రుకవాసి ఉక్కూ పోతుంది. ఆ వెంట్రుకవాసిలోంచి వెలుగు వస్తుంది.

"నా సెయ్యే," అన్నాడు చివరకు. "శనివారం సూసుకున్నాక నూనె సరిగ్గా రాసినాను కాదు గావాల. నా సెయ్యికి సెమటెక్కువని అయ్య ఎప్పుడూ అనీవోడు." తెల్లగుడ్డను చేతిలో నలుపుతూ, "నువ్వు మంచి గుడ్డే సుట్టినావు గానీ మల్లీ, నా రాత బాగునేదు," అన్నాడు.

మల్లికార్జునరావు చెప్పులు తొడుక్కొని బయటికి నడిచాడు.

ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాడు. ఆ చివరికి చేరకముందే వెనుదిరిగాడు. గోల్‌బజార్‌కు వెళ్ళి మామయ్య దుకాణం ఎదుట నిలబడ్డాడు. పాండురంగయ్య తాను మడుస్తూ, "ఏరా, ఈ వేళప్పుడు వచ్చావు? ఒంట్లో బాగులేదా?" అని అడిగితే, "ఏం లేదు మామయ్యా," అని చెప్పి అక్కడినుండి కదిలాడు. ఎక్కడ నిలిచినా తన కుడిచేతి బొటనవేలు తనకే కనిపించసాగింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నూకరాజు తన చెయ్యేనని నమ్ముతున్నాడు. గురువారం తన జోడీ నెగ్గుతుంది, నూకరాజుది పోతుంది, పలాసలో ముసలాయన చేతులు దిగేసరికి అందుకొనే చెయ్యి ఉండదు. చెబితే, ఒకరి జోడీని మరొకరు ముట్టినందుకు తనది పోతుంది. మరో ఆరునెలలు అప్రెంటిస్, మరో ఆరునెలలు అదే గది.

వరండా దీపం కింద కూర్చొని ఘోషాల్ బాబుకు లేఖ రాశాడు. మొదటి ప్రతిలో వాన కారణమైంది. చించేశాడు. రెండవ ప్రతిలో నూనెడబ్బా లేకపోవడం వచ్చింది. అదీ చించేశాడు. మూడవ ప్రతిలో నాలుగే వాక్యాలున్నాయి: నూకరాజు జోడీని నేను విప్పాను. నూనె తుడిచాను. తడిగుడ్డలో చుట్టాను. అతడి తప్పు లేదు, కనుక అతడికి గడువు ఇవ్వవలసినదని ప్రార్థన. జీవితంలో మొదటిసారిగా ప్రతి దాచుకోకుండా, ఒక్కటే కాగితం పట్టుకెళ్ళి బుధవారం ఉదయం అందజేశాడు.

ఘోషాల్ బాబు చదివి కళ్ళజోడు తీశారు. "నియమం తెలుసా నీకు?"

"తెలుసండి."

"తెలిసి రాసింది?"

"అవునండి."

నూకరాజుకు కొత్త ఉక్కు ముక్కలు, పదిహేను రోజుల గడువు, పగలంతా బల్ల దగ్గర పనిచేసే అనుమతి ఇచ్చారు. మూడు నెలల పని మళ్ళీ పదిహేను రోజుల్లో చెయ్యాలంటే చేతులు పగలవలసిందే. మల్లికార్జునరావు జోడీని చూడకుండానే వెనక్కి ఇచ్చేశారు. జనవరి బ్యాచ్‌లో రమ్మన్నారు.

ఆ మధ్యాహ్నం నూకరాజు గదికి వచ్చి తలుపు మూశాడు. ఆమోసు కూడా లేచి నిలబడ్డాడు.

"నూనె తుడిసినది నువ్వేనా?"

"నేనే."

"మరి నిన్న నా ఎదురుగుండా కూకోని సెప్పనేదేటి? గోసాల్ బాబుకి సెప్పినావు, కాగితానికి సెప్పినావు. నాను నీకు మూడు మూరల దూరంలో పడుకుంటన్నాను గదరా!"

"చెప్పలేకపోయాను."

"జోడీ పోతే పోనీ, పదిహేను రోజుల్లో మళ్ళీ సేస్తాను, సస్తానా! నెత్తళ్ళు కంపు కొడితే 'నూకరాజూ, తియ్యరా' అన్లేవా? వైశాకం నుంచి శ్రావణం దాకా ఒక్కపాలి నా మొగం సూసి అన్నావా? మూడు ఉత్తరాలంట, మూడేసి కాపీలంట! నీకు నోరు నేదా, సిరాబుడ్డే ఉందా?"

ఎంత వెదికినా మల్లికార్జునరావుకు నిజంగానే గుర్తుకురాలేదు, ఒక్కసారైనా అడిగినట్టు.

తరువాతి పదిహేను రోజులు ఆ గది అతడు కోరుకొన్నట్లే ఉంది. నూకరాజు తన కంచం తానే కడిగి బోర్లించేవాడు. తాడు మీద బట్టలు లేవు. నెత్తళ్ళ సంచి అప్పలనర్సమ్మ ఇంటికి చేరింది. ఆమోసు సైకిలు కూర్చి అమ్మేశాడు. ఎవరూ నవ్వలేదు. ఆ శుభ్రమైన గదిలో మల్లికార్జునరావు మునుపటికంటే ఎక్కువగా మంచం మీద దొర్లాడు. నేల మీద టీ మరక ఒకటి కనిపించినా బాగుండునని ఒక ఉదయం తనకు తోచినందుకు తానే ఆశ్చర్యపోయాడు.

పదహారవ రోజున ఘోషాల్ బాబు నూకరాజు కొత్త జోడీని దీపానికి ఎదురుగా పట్టుకొన్నారు. వెలుగు రాలేదు. అరచేతులు బొబ్బలెక్కి, గుడ్డ చుట్టుకొని ఉన్న నూకరాజుకు అద్రా రైల్వే షెడ్డులో ఫిట్టరు ఉద్యోగమని ఉత్తర్వు వచ్చింది. ప్రయాణం రోజున ట్రంకుపెట్టె రిక్షాలో ఎక్కించి తానూ ఎక్కాడు. మల్లికార్జునరావు వరండాలో నిలబడ్డాడు. రిక్షా కదిలిన తరువాత నూకరాజు తల బయటపెట్టి కేక వేశాడు.

"మల్లీ! నా మంచం కింద ఒక మూట ఒగ్గేసినాను! ఇదిగో, నోటితో సెప్తన్నాను! ముట్టుకోవొచ్చు!"

మూటలో జిడ్డుతో నల్లబడిన గుడ్డ ఒకటి, చిన్న నూనెడబ్బా ఒకటి ఉన్నాయి. మల్లికార్జునరావు తన జోడీని బిస్కట్లడబ్బాలోంచి తీసి, నూనె పూసి, ఆ నల్లగుడ్డలో చుట్టాడు. వేళ్ళకంటిన జిడ్డును చాలాసేపు చూసుకొన్నాడు. తరువాత వెళ్ళి సబ్బుతో రెండుసార్లు కడుక్కొన్నాడు.

ఆ నెలాఖరున నూకరాజు మంచంలోకి కాలనీ బడిలో పాఠాలు చెప్పే స్వర్ణకుమారి టీచరుగారి తమ్ముడు సత్యవేదం చేరాడు. మొదటి ఏటి కుర్రవాడు, బరంపురం మనిషి. మూడవ రోజుకు కిటికీ గట్టు మీద గ్లాసులు వరుస కట్టాయి. నాలుగవ రోజున గది నడిమధ్య తడిసిన మూట ఒకటి ప్రత్యక్షమై, దాని కిందినుండి నల్లటి నీరు మల్లికార్జునరావు మంచం వైపు సన్నగా పాకసాగింది. అతడి ఒళ్ళు మండిపోయింది. ట్రంకుపెట్టె తెరిచి తెల్లకాగితం తీశాడు. మార్జిను మడిచాడు. కలం మూత తీశాడు. తేదీ కూడా వేశాడు.

అప్పుడు కలం పక్కన పెట్టి లేచి, ఆ నీటిని దాటి, కుర్రవాడి మంచం ఎదుట నిలబడ్డాడు.

"ఒరే సత్యవేదం," అన్నాడు, మూటను ముట్టుకోకుండా, "ఇందులో ఏముందిరా? తియ్యి. నాకు చిరాకు."